ఆ నిమిషం ఎవరిది

నొప్పిని కొలవడం నా ఉద్యోగం. నవ్వకండి, నిజంగానే అలాంటి ఉద్యోగం ఒకటుంది. నర్సీపట్నం దాటాక కొండల అడుగున మా పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ప్రభుత్వ అనుమతితో, రెండు వరసల కంచె మధ్య, రెండెకరాల్లో గంజాయి మొక్కలు పెంచి, వాటి రసాయనాల్లో నొప్పికి మందు వెతుకుతారు. వెతికేవాళ్ళు లోపల గాజుగదుల్లో ఉంటారు. దొరికిన మందు పనిచేసిందో లేదో రోగుల్ని అడిగి రాసుకునేదాన్ని నేను. నా పేరు సుభాషిణి.

పద్ధతి ప్రకారం సున్నా నుంచి పది లోపల ఒక అంకె చెప్పమని అడగాలి. మా వైపు మనుషులు నొప్పికి అంకె చెప్పరు. ఉందంటారు, చంపేస్తోందంటారు, నీకు రాకూడదు తల్లీ అంటారు. ఒక పెద్దాయన బాగా ఆలోచించి పదికి పన్నెండు అన్నాడు. ఇలా కాదని మా అమ్మ దగ్గరున్న ఇత్తడి కొలపాత్రలు పట్టుకొచ్చి వార్డులో బల్ల మీద వరసగా పెట్టాను. అన్నిటికంటే చిన్నది గిద్ద, తరవాత సోల, తవ్వ, అన్నిటికంటే పెద్దది కుంచం. నొప్పి ఎంతుంటే అంత పాత్రని ముట్టుకోమన్నాను, ఏమీ లేకపోతే ఖాళీ అరచెయ్యి చూపించమన్నాను. అప్పటినుంచి ఎవరూ తడుముకోలేదు. మా కేంద్రానికి పెద్ద అయిన డాక్టర్ కృపావరం గారు దీన్ని రెండు సమావేశాల్లో మెచ్చుకున్నారు.

రెండో ఉపాయం కూడా నాదే. ఇన్నాళ్ళూ దాని గురించి గొప్పగా చెప్పుకున్నాను, ఇప్పుడు సిగ్గేస్తోంది. మన ఆస్పత్రుల్లో రోగిని ఏమడిగినా రోగి చెప్పడు, పక్కనున్నవాళ్ళు చెప్తారు. మొగుణ్ణి అడిగితే పెళ్ళాం, తల్లిని అడిగితే కొడుకు. మంచం మీది మనిషి నోరు తెరిచేలోపు ఆయన ఎన్ని ఇడ్లీలు తిన్నాడో, ఎన్నిసార్లు లేచాడో, మందు పడిందో లేదో అన్నీ వచ్చేస్తాయి. అలా వచ్చిన జవాబు పరిశోధనకు పనికిరాదు. అందుకని ఉదయం ఎనిమిదింటికి నేను వార్డులో అడుగుపెట్టగానే తోడున్నవాళ్ళంతా వరండాలోకి వెళ్ళిపోవాలని నియమం పెట్టాను. తలుపు మూసి, రోగినే సూటిగా అడిగేదాన్ని, నిన్నంతా నొప్పి ఎంత అని.

ఇక మందు సంగతి. గంజాయి అనగానే అందరూ ఆడమొక్క పూత గురించే మాట్లాడతారు, మత్తంతా అందులోనే. మగమొక్కల్ని పుప్పొడి రాలకముందే పీకి గట్టున పారేస్తారు. మా తోటలో ఆ పని చేసేవాళ్ళలో సోమన్న ఒకడు. వారం రోజులుగా మగమొక్కలు పీకుతున్న సోమన్న ఒక సాయంత్రం కంచె దగ్గర నవ్వుతూ నిలబడి ఉంటే, అతని కాలి కింద నేలంతా ఎర్రగా ఉండటం కృపావరం గారు చూశారు. అరికాల్లో అంగుళం పొడుగు ముల్లు విరిగి ఉంది. నొప్పి లేదా అని అడిగితే లేదండి, ముల్లెక్కడ దిగిందో కూడా తెలీదండి అన్నాడు. మత్తులో కూడా లేడు. పనిలెక్క తప్పు లేకుండా ఒప్పజెప్పాడు.

ఆ కాలి మీద ఆయన పదేళ్ళు గడిపారు. మగమొక్క ఆకుల జిగురులోంచి ఇదివరకు ఎవరూ పట్టించుకోని ఒక పదార్థాన్ని వేరుచేసి, శుద్ధిచేసి, మాత్ర కట్టారు. కాగితాల మీద దానికి పెద్ద పేరుంది. మగమొక్కది కాబట్టి మేమంతా పోతుమాత్ర అనేవాళ్ళం. దాంతో మత్తు లేదు, మగత లేదు, అలవాటు పడటం లేదు. జంతువుల మీద పరీక్షలు దాటింది. మనుషుల మీద పరీక్షకు పన్నెండుమంది కావలసి వచ్చారు, అందరికీ ఒకే రకం నొప్పి ఉండాలి. ముఖంలో నరం జబ్బు ఉన్నవాళ్ళని తీసుకుందామన్నారు. మా అక్కకి, నేను అప్ప అని పిలిచే మనిషికి, ఉన్నది అదే.

మా అప్ప నూకరత్నం నాకంటే పదేళ్ళు పెద్దది. తనకి ఊరి అమ్మవారి పేరు పెట్టారు, నా వేళకి మా నాన్న రేడియో కొన్నాడు కాబట్టి నాకు రేడియోలో విన్న పేరు పెట్టాడు. అప్పని అనకాపల్లి దగ్గర ఇచ్చారు. మా బావ జగ్గారావు బెల్లం వండుతాడు. పాకం ఎప్పుడు దించాలో బుడగ చూసి చెప్పగల మనిషి, అంతకు మించి మాట్లాడడు. మాటలన్నీ అప్పవే. అలాంటి అప్పకి నలభై ఆరో ఏట కుడిచెంపలో నరం తిరగబడింది. అన్నం నమిలితే, మొహం కడిగితే, ఒక్కోసారి గాలి తగిలితే కూడా చెంపలోంచి కంటిదాకా కరెంటు పట్టినట్టు నొప్పి. ఉండేది ఒక నిమిషం. ఆ ఒక్క నిమిషం కోసం మిగతా రోజంతా భయపడుతూ కూర్చునేది.

విశాఖలో ఒకసారి ఆపరేషన్ చేయించారు, ఎనిమిది నెలలకి మళ్ళీ మొదలైంది. మామూలు మాత్రలు కాలేయానికి పడలేదు. రెండేళ్ళపాటు అప్ప గంజి తాగి బతికింది, అదీ ఎడమ పక్క నుంచి, గొట్టంతో. మొహం కడుక్కోవడం మానేసింది. మాట్లాడటం తగ్గించేసింది. నేను వెళ్తే పలకరింపుగా చెయ్యి మాత్రం ఎత్తేది. ముప్ఫై ఎనిమిది కిలోలకి దిగిపోయింది. ఇంకోసారి నొప్పి వస్తుందేమో అన్న భయమే తనని తినేస్తోందని నాకు కళ్ళెదుట కనిపించేది. పన్నెండుమంది జాబితాలో అప్ప పేరు మొదట రాసింది నేనే. ఇది మా అప్ప అని డాక్టరుగారికి చెప్పే రాశాను.

మాత్ర మొదలుపెట్టిన నాలుగోరోజు పొద్దున్న వార్డులోకి వెళ్ళి తలుపు మూసి, అందరినీ అడిగినట్టే అడిగాను. అప్ప కొలపాత్రల వైపు చూడనుకూడా లేదు. ఖాళీ అరచెయ్యి చూపించింది. నిన్న జంతికలు తిన్నాను తెలుసా అంది. నేను ఏడ్చేశాను. నా ఉద్యోగంలో ఏడవకూడదు, అయినా ఏడ్చాను. పదిరోజుల్లో పన్నెండుమందీ ఖాళీ చేతులే చూపించారు. అప్ప మొహం కడిగి, కాటుక పెట్టుకుని, పక్క మంచాల వాళ్ళ కాపరాల్లో తగువులు తీర్చడం మొదలుపెట్టింది. వారానికి కిలో చొప్పున ఒళ్ళు చేసింది.

తోడున్నవాళ్ళు మాత్రం చిక్కిపోయారు. అది నేను చూశాను, చూసి హాస్యం కూడా ఆడాను. రోగులే మీ భోజనం కూడా తినేస్తున్నట్టున్నారు అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకావిడ, తల్లికి తోడుగా వచ్చింది, నా వెనకాలే వచ్చి ఏదో చెప్పబోయింది. మీరు చెప్పకూడదమ్మా, ఆవిడే చెప్తుంది అని వరండా చూపించాను. బావ కూడా ఒకసారి తలుపు దగ్గర ఆగాడు. చిన్నప్పటినుంచి నువ్వు అని పిలిచే మనిషిని, నలుగురిలో ఉన్నామని, మీరు బయట ఉండండి అన్నాను. బావ తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నర్సులు రాసే పుస్తకంలో అక్కడక్కడా భోజనం వేళ మూలిగినట్టుంది అని ఉండేది. దాని కిందే, అడిగాం, నొప్పి లేదన్నారు అని కూడా ఉండేది. ఇంకేం కావాలి?

ఆరువారాలు వార్డులో ఉంచి, మాత్రలిచ్చి ఇళ్ళకి పంపారు. జనవరి చివర్లో ఒక ఆదివారం అప్ప భోజనానికి రమ్మంది. బెల్లం రోజులు. ఊరంతా పాకం వాసన. అప్ప నెత్తళ్ళ చేపలపులుసు పెట్టింది, గుమ్మడి వడియాలు వేయించింది. రెండేళ్ళ తరవాత మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని అన్నం తినబోతున్నాం. బావ తినలేదు, తరవాత తింటానని అప్పకి వెనగ్గా గోడవారన కూర్చున్నాడు. అలా ఎందుకు కూర్చున్నాడో నాకు అప్పుడు తెలీలేదు.

అప్ప వడియం కొరికింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది. కుడికన్ను మూసుకుపోయింది, మెడ వంకర తిరిగింది, నోరు తెరుచుకుంది కానీ కాసేపు శబ్దం రాలేదు. వచ్చాక అది మనిషి గొంతులా లేదు. బావ అప్పటికే కంచం పక్కకి జరిపి, అప్ప తల గోడకేసి కొట్టుకోకుండా రెండు చేతులతో తన గుండెకి అదుముకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. అప్పా, నొప్పా అని అరిచాను. అవునన్నట్టు తలాడించింది. నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

ఒకటిన్నర నిమిషం అయి ఉంటుంది. అప్ప కళ్ళు తెరిచింది. చెంపల మీద నీళ్ళు తుడుచుకుంది.

"పులుసులో కారం ఎక్కువైనాదే, కళ్ళంట నీళ్ళొచ్చీసినాయి," అంది. "నిలబడిపోనావేటి, కూకో. ఇంకో రెండు నెత్తళ్ళు ఏసుకో."

"అప్పా, ఇప్పుడు నీకు నొప్పి వచ్చింది."

"ఎవరికి?" అంది అప్ప. నిజంగానే అడిగింది. నవ్వి, ఇంకో వడియం తీసుకుని, అదే పక్క కొరికింది.

ఆ భోజనంలో పదకొండుసార్లు వచ్చింది. ప్రతిసారీ అదే మొదటిసారి అన్నట్టు అప్ప ఆశ్చర్యంగా కళ్ళు పెద్దవి చేసేది. ప్రతిసారీ తరవాత ఏదో ఒకటి అనుకునేది, కారం అని, పొలమారిందని, కునుకు పట్టిందని. భయం లేదు కాబట్టి జాగ్రత్త లేదు. జాగ్రత్త లేదు కాబట్టి రెండేళ్ళలో ఎన్నడూ రానన్ని సార్లు వస్తోంది. నా మణికట్టు మీద గోళ్ళ గుర్తులు చూసి, ఏ ముళ్ళకంపలో చెయ్యెట్టావే అని కోప్పడింది కూడా.

తిన్నాక బావ వెనక బెల్లం పాకలోకి వెళ్ళాను. ఎప్పటినుంచి అని అడిగాను. మాత్ర మొదలెట్టిన నాటినుంచి అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"సెప్దామనే ఒచ్చినానమ్మీ," అన్నాడు బావ. "వరండాలోకి ఎల్లమన్నావు."

అందులో నింద లేదు. నింద ఉంటే బాగుండేది. తరవాత చెప్పబుద్ధి కాలేదట. అన్నం తింటోంది, నవ్వుతోంది, చెప్తే మాత్ర ఆపేస్తారేమోనని ఊరుకున్నాడట. పన్నెండుమంది తాలూకు మనుషులూ ఆ వరండాలోనే మాట్లాడుకుని ఊరుకున్నారట. బావ పొయ్యిలోకి చెరకుపిప్పి తోస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"సూసినోళ్ళకి మాత్రేటీ నేదా అమ్మీ?"

లేదని చెప్పాను. ఆ మాత్ర సొంత ఒంటి నొప్పికే అని, పక్కవాళ్ళ నొప్పి చూసిన బాధని అది తుడవలేదని కూడా చెప్పాను. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి చెప్పాను.

మర్నాడు కృపావరం గారి గదిలో జరిగిందంతా చెప్తే ఆయన మొదట నమ్మలేదు. తరవాత లేచి, వార్డులో ఉన్నన్నాళ్ళూ రోగుల చేతికి కట్టిన నాడి పట్టీల కాగితాలు తీశారు. భోజనాల వేళ నాడి ఒక్కసారిగా ఎగిరిన గీతలు వరసగా ఉన్నాయి. నములుతున్నప్పుడు చెయ్యి కదిలి పట్టీ తప్పు చూపిస్తోందని అప్పట్లో అందరం అనుకున్నాం. వాటిని లెక్కపెట్టాక ఆయన సోమన్నతో పాటు మొక్కలు పీకిన పనివాణ్ణి పిలిపించారు. ఆ రోజు ముల్లు దిగినప్పుడు సోమన్న ఏం చేశాడని అడిగారు.

"అరిసినాడండి," అన్నాడతను. "సెట్ల మీద పిట్టలన్నీ లేసిపోనాయి. మల్లీ ఎంటనే పనిలోకి ఒంగిపోనాడండి."

అతను వెళ్ళాక డాక్టరుగారు కాగితాలు మడిచి పక్కన పెట్టారు. నొప్పి మెదడుకి చేరినప్పుడు రెండు పనులు జరుగుతాయి, ఒకటి బాధ పడటం, రెండు దాన్ని జ్ఞాపకంగా దాచుకోవడం. మన మాత్ర మొదటిదాన్ని ముట్టుకోవడం లేదు, రెండోదాన్నే ఆపుతోంది అన్నారు. పదేళ్ళ పని అలా రెండు ముక్కల్లో ఆయనే తేల్చేశారు. తరవాత నా వైపు తిరిగారు.

"అయినా సుభాషిణీ, గుర్తులేని నొప్పి నొప్పేనా? వాళ్ళు తింటున్నారు, నవ్వుతున్నారు. వచ్చే నెల సమావేశం దాకా ఆగితే తప్పేమిటి?"

తప్పేమిటో నాకు తెలుసు. కానీ నిజం చెప్తున్నాను, ఆగుదామని ఆయనకంటే నాకే ఎక్కువగా ఉంది. నేను చూసింది రాస్తే పరీక్ష ఆగిపోతుంది. పరీక్ష ఆగితే అప్ప మాత్ర ఆగుతుంది. మళ్ళీ గంజి, గొట్టం, కడగని మొహం. ముప్ఫై ఎనిమిది కిలోలు. ఆ కాగితం మీద సంతకం పెట్టబోయేది నేనే కదా. సరేనండి, ఆలోచిద్దాం అని బయటికి వచ్చేశాను.

ఆ బుధవారం పన్నెండుమందీ వారపు పరీక్షకి వచ్చారు. ఎనిమిదింటికి అలవాటుగా తోడువాళ్ళంతా వరండాలోకి వెళ్ళిపోయారు. నేను ఆ రోజు వార్డులోకి వెళ్ళలేదు. కొలపాత్రలు నాలుగూ పళ్ళెంలో పెట్టుకుని వరండాలోకే వెళ్ళి, మీరు చూసిందెంత అని ఒక్కొక్కళ్ళనీ అడిగాను. ఎవరూ గిద్దని గానీ సోలని గానీ తాకలేదు. ఆనాడు నా వెనకాలే వచ్చి ఏదో చెప్పబోయిన ఆవిడ కుంచం మీద చెయ్యి ఆనించి, తియ్యకుండా, ఇంతకంటే పెద్దది లేదా అమ్మా అని అడిగింది. నేనా పళ్ళెం అక్కడే కింద పెట్టేసి గోడవైపు తిరిగిపోయాను.

మధ్యాహ్నానికల్లా నివేదిక రాశాను. కృపావరం గారు దాన్ని రెండుసార్లు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా నా సంతకం పక్కన తన సంతకం పెట్టారు. ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది, జాలి కూడా వేసింది.

ఇలాంటి పరీక్షల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘం వాళ్ళు మూడువారాలు తర్జనభర్జన పడ్డారు. కొత్తవాళ్ళకి మాత్ర ఇవ్వకూడదన్నారు. ఉన్న పన్నెండుమందికీ తోడున్నవాళ్ళ ఎదురుగా నిజం మొత్తం చెప్పి, కావాలంటే కొనసాగించుకోనివ్వమన్నారు. మిగతావాళ్ళకి చెప్పే పని డాక్టరుగారు తీసుకున్నారు. అప్పకి మాత్రం నేనే వెళ్ళి చెప్పాను.

చెప్తే నమ్మదని బావ ఫోన్ ఎదురుగా నిలబెట్టి రెండు భోజనాలు వీడియో తీసి ఉంచాడు. అప్ప మంచం మీద కూర్చుని చూసింది. మొదటిది అయ్యాక, ఇది నానేనా అంది. రెండోది మొత్తం చూసింది. అందులో తన మొహం కంటే పక్కనున్న బావ మొహాన్ని ఎక్కువసేపు చూసిందని నాకనిపించింది. రోజుకి ఎన్నిసార్లు అని అడిగింది. నలభై, ఒక్కోరోజు యాభై అన్నాడు బావ. మాత్ర లేనప్పుడో అంది. ఐదో ఆరో, అప్పుడు నువ్వు తినేదానివి కాదు గదా అన్నాడు.

అప్ప చీరకొంగు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. నేను భయంతో చచ్చిపోతున్నాను. ఆపేస్తానంటుందేమోనని భయం. ఆపనంటుందేమోనని కూడా భయం.

"మల్లీ ఆ బయంతోటి నాను బతకనేనే సుభా," అంది చివరికి. "అంతకంటే సచ్చిపోడమే నయం. నాకు గుర్తుండదు గాబట్టి నాకా నొప్పి లేనట్టే. గుర్తుండీది ఈ మనిసికి. అందుకని ఈ మనిసి సూడకూడదు. రేపటికాడ్నుంచి నానొక్కదాన్నే తింతాను, తలుపేసుకుని. ఎవుళ్ళూ లోపలికి రాకూడదు."

మా అప్ప నిర్ణయం చెప్పాక ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. వంటింటి తలుపుకి లోపలి నుంచి కొత్త గడియ పెట్టించుకుంది. నాకు అది సబబుగానే కనిపించింది. అప్పకి తెలీదు, బావ చూడడు. ఇక ఆ నొప్పి ఎవరికీ లేనట్టే కదా అని, దారిపొడుగునా బస్సులో నన్ను నేను ఒప్పించుకుంటూ వెళ్ళాను.

రెండో ఆదివారం చూసి రావడానికి వెళ్ళాను. భోజనాల వేళ. వంటింటి తలుపు మూసి ఉంది. బావ బయట అరుగు మీద తలుపుకి దగ్గరగా కూర్చున్నాడు. ఇదివరకటికంటే పీలగా ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. లోపల కంచం చప్పుడు, అప్ప ఏదో కూనిరాగం తీస్తోంది. చప్పుడు ఆగింది. రాగం ఆగింది. తరవాత ఆ గొంతు వినపడింది.

"జగ్గారావా."

నేను ఉలిక్కిపడ్డాను. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలకరు. ఓట్ల జాబితా వాళ్ళొచ్చి అడిగినా పక్కింటి పిల్లచేత చెప్పించిన మనిషి మా అప్ప. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆ పేరు ఆ గొంతులో నేను వినలేదు. లోపల నుంచి మళ్ళీ వచ్చింది. పిలుపు కాదది, వెతుకులాట. నిమిషం అయ్యాక ఆగిపోయింది. కూనిరాగం మళ్ళీ అందుకుంది.

"పూటకి పదిసార్లు పిలుస్తాది," అన్నాడు బావ నేల చూస్తూ. "తలుపెయ్యమన్నాది తనే. ఆ నిమిసంలో తనకి ఆ సంగతి గుర్తుండదు గదమ్మీ. నానెక్కడున్నానో అని ఎతుకుతాది. నాను పలకనేదని సచ్చిపోతాది. మల్లీ మరిసిపోతాది."

ఖాళీ అరచేతులు చూసి నేను రాసుకున్న కాగితాలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆ నిమిషం ఎవరికీ లేనిదని ఎంత తేలిగ్గా తేల్చేశాను. అందులో ఒక మనిషి ఉంది. ప్రతిసారీ కొత్తగా, ఏమీ తెలీకుండా, ఒంటరిగా ఉంది. ఆ నిమిషానికి ముందు నవ్విన అప్పా, తరవాత నవ్వబోయే అప్పా ఎవరూ ఆ మనిషికి తోడు రారు.

లోపల చప్పుడు మళ్ళీ ఆగింది. బావ లేచాడు. గడియ ఉంది కదా అన్నాను. గడియ మేకులు నిన్ననే వదులు చేశానన్నాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. ఆ పేరు ఇంకోసారి వినపడింది, మధ్యలోనే తెగింది.

"ఉన్నాను," అన్నాడు బావ. "ఇక్కడే ఉన్నాను."

నేను గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అప్ప రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుని ఉంది. నొప్పి అలాగే ఉంది, ఒక్క గిద్దెడు కూడా తగ్గలేదు. కానీ కళ్ళు వెతకడం మానేశాయి. నిమిషం గడిచాక చేతులు వదులయ్యాయి. అప్ప ముందు అతన్ని చూసింది, తరవాత తెరిచిన తలుపుని, తరవాత నన్ను.

"రావద్దన్నానా?" అంది కోపంగా. "ఎందుకొచ్చినావు?"

"మజ్జిగ కావాలేమోనని," అన్నాడు బావ.

"నాకేటీ అక్కర్నేదు. రేపట్నుంచి రాకు."

"అలాగే," అన్నాడు బావ.

వారం తరవాత ఒక మధ్యాహ్నం నేను ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. భోజనాల వేళ, బావ లోపల ఉండి ఉంటాడు. సాయంత్రం అప్పే ఫోన్ చేసి, మీ బావకి బుద్ధి లేదు, రావద్దంటే రోజూ ఏదో వంక పెట్టుకుని వచ్చేస్తున్నాడు, నువ్వైనా చెప్పవే అంది. చెప్తానన్నాను. చెప్పలేదు.